ముయ్యికి రాసిన పేజీలు

జీతం రాని పనికి పొద్దున్నే తలస్నానం చేసి కూర్చునే మనిషిని పెనుకొండలో మా వీధివాళ్ళు ఆ వేసవిలోనే చూశారు. ఆ మనిషిని నేనే. ఎదురింటి కుళ్ళాయమ్మ అవ్వ మా గడపలో నిలబడి, "ఏం పాపా, కొత్త ఉద్యోగమా?" అని అడిగేది. "కాదవ్వా, ఉద్యోగం దొరికేదానికి చేసే పని" అనేదాన్ని. "దానికీ ఒక పనుండాదా?" అని నోరు నొక్కుకుని వెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండేది గానీ ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

నేను బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పనిచేసేదాన్ని. వాళ్ళ సాఫ్ట్‌వేర్ వాడలేక తిట్టుకునే జనానికి ఎలా వాడాలో రాసి పంపడం నా పని. సంక్రాంతి దాటగానే ఆ జవాబులన్నీ మిషనే రాసుకుంటుందని చెప్పి మమ్మల్ని ఇళ్ళకు పంపారు. నేను ఎలాగూ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నన్ను పంపడానికి వాళ్ళకు ఇంకా సులువైంది.

అప్పటికి అమ్మకు కిడ్నీలు పాడై ఏడాది దాటింది. మంగళ, గురు, శనివారాలు హిందూపురంలో డయాలసిస్. ఆమెను రైల్లో తీసుకుపోయి, మిషన్ మీద ఉన్నంతసేపూ వరండాలో కాపలా ఉండి, వెనక్కి తీసుకురావాలి. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నా పెళ్ళి సంగతి ఈ కథలో లేదు, అది మొదలైనంత త్వరగానే ముగిసింది. కాబట్టి లెక్క తేలికే. ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం దొరికితే అమ్మ బతుకుతుంది. బెంగళూరు వెళ్ళాల్సి వస్తే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయే మనిషి ఉండదు. ఈ ముక్క నేను ఎవరితోనూ బయటికి అనలేదు. అమ్మకు మాత్రం తెలుసు.

మార్చిలో బెంగళూరు నుంచి ఒక ఇంటర్వ్యూ వచ్చింది, గురువారం నాడు. ఇంటి నుంచి పని కుదరొచ్చని వాళ్ళే రాశారు. ధర్మవరంలో ఉన్న మా తమ్ముడు రవితేజ ఆ ఒక్క రోజు తాను వచ్చి అమ్మను తీసుకుపోతానని మాటిచ్చాడు. నేను ధైర్యంగా రైలెక్కాను.

ఇంటర్వ్యూ చేసినాయన మర్యాదస్తుడు. నా బయోడేటా పక్కన పెట్టి, "మీరు రాసినవి ఏవైనా చూపిస్తారా?" అన్నాడు. నేను రాసిందంతా పాత కంపెనీ సొత్తు. బయటపెడితే ఊరుకోరు. అదే చెప్పాను.

"మరి మీరు రాయగలరని మాకెలా తెలుస్తుంది?"

లేచి వస్తుంటే ఆయనే జాలిపడ్డాడు. "ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి డాక్యుమెంటేషన్ రాయండి. అవి ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా చెయ్యి వెయ్యొచ్చు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. వాటిని ఎలా వాడాలో మనిషికి అర్థమయ్యేట్టు రాసేవాళ్ళే దొరకరు. అదే మీ పోర్ట్‌ఫోలియో అవుతుంది."

సాయంత్రం పెనుకొండలో దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని కూర్చుందట.

"రవి రాలేదా?"

"వస్తా వస్తా అన్న్యాడు పాపా. అచ్చు అతికేటోళ్ళు వచ్చినారంట." ఒక్కో మాటకూ ఆగి గాలి పీల్చుకుంటోంది. "ఒక్కదాన్నే పోదామని టేసను దాకా పోయినా. కండ్లు తిరిగె. ఎనిక్కొచ్చినా."

నాకెందుకు ఫోన్ చేయలేదని అరిచాను. "నువ్వు పరీచ్చలో ఉంటివి కదా" అంది. ఆటో మాట్లాడుకుని హిందూపురం పోయాం. దారి పొడుగునా ఆమె నా భుజం మీద తల పెట్టకుండా ముందుకు వంగి, ముందు సీటు కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, మిషన్ ఎక్కించాక, నర్సు నన్ను పక్కకు పిలిచింది. "ఊపిరితిత్తుల్లోకి నీళ్ళొచ్చేసినాయి. ఇంకొంచెం ఆలస్యమైతే మా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఒక్కసారి కూడా తప్పించకూడదని చెప్పినాం కదమ్మా!" అంది. తల ఊపాను.

ఆ ఆదివారం పక్కింటివాళ్ళను అమ్మ దగ్గర కూర్చోబెట్టి ధర్మవరం వెళ్ళాను. తమ్ముణ్ణి నాలుగు కడిగేయాలనే వెళ్ళాను.

రవితేజ అక్కడ ఇల్లరికం అల్లుడు. చేనిపని తప్ప తెలియనివాడు పెళ్ళయ్యాక మామ ఇంట్లో మగ్గం నేర్చుకున్నాడు. నేను వెళ్ళేసరికి గుంటలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీర నేస్తున్నాడు. కొత్త పడుగు, అంటే నిలువు పోగుల వరస. మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాతవాటి చివరలకు కలపాలి. అదే అచ్చు అతకడం. ఆ పని చేసేవాళ్ళు వేరే ఉంటారు. పెళ్ళిళ్ళ కాలంలో వాళ్ళ కోసం ఇంటింటా ఎదురుచూస్తారు. గడపలోకి వచ్చినవాళ్ళను ఈరోజు కాదు అని పంపేస్తే మళ్ళీ మన వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం, అన్నాళ్ళూ మగ్గం ఖాళీగా పడుంటుంది.

"తప్పేనక్కా, కాదనను" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. "పొద్దన్నే వాండ్లొచ్చి గడపలో నిలబడితే ఏం జెయ్యల్ల? బయల్దేరతాంటే మామ 'యాడికిప్పుడు?' అన్న్యాడు."

"అమ్మని పిల్చుకొని పోవల్లని చెప్పలేదా?"

"చెప్పినా. 'మీ అక్కుండాది కదా' అన్న్యాడు. నేనేం జేతునక్కా, ఈ మగ్గం నాది కాదు."

"అమ్మ నీదే కదరా!"

వాడు నేత ఆపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతలో వాళ్ళ మామ రంగయ్య మంచినీళ్ళ చెంబుతో వచ్చాడు. "ఏమ్మా, బాగుండావా? అమ్మకెట్లుండాది?" అని పలకరించి, అమాయకంగానే, "నువ్విప్పుడు సుమ్మనే ఇంట్లోనే ఉండావంట కదా తల్లీ, నువ్వే చూసుకోవచ్చు కదా" అన్నాడు. 'సుమ్మనే', అంటే పనీపాటా లేకుండా. కడిగేయాలని వెళ్ళినదాన్ని నీళ్ళు తాగి వచ్చేశాను. తిరుగు రైల్లో గట్టిగా అనుకున్నాను, ఇక ఎవరి మాట మీదా అమ్మను వదిలి కదలకూడదని.

మర్నాడే మొదలుపెట్టాను. నేను ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ పేరు బ్యాక్‌షెల్ఫ్. కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళకు నకళ్ళు తీసి దాచిపెడుతుంది. ఫైళ్ళు పోతే ఆ నకళ్ళ నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. చేసినవాళ్ళు గొప్పగానే చేశారు, వాడేవాడికి చెప్పడం మాత్రం మరిచిపోయారు. దాచడం ఎలాగో సగం పేజీ ఉంది. తిరిగి తెచ్చుకోవడం ఎలాగో అసలు లేదు. ఆ తిప్పలు పడ్డవాళ్ళ ప్రశ్నలు వాళ్ళ సైట్లో గుట్టగా పడి ఉన్నాయి, జవాబిచ్చే దిక్కు లేకుండా.

నా పద్ధతి మొరటుది. పాత లాప్‌టాప్‌లో ఫైళ్ళు నేనే పోగొట్టుకునేదాన్ని. తర్వాత తెచ్చుకోవడానికి ప్రయత్నించేదాన్ని. ఎక్కడ ఇరుక్కున్నానో అక్కడ రాసుకునేదాన్ని. పేజీ తయారయ్యాక పంపితే, నార్వేలో హెన్రిక్ అనే ఆయన చదివి, సరిచేయమనో సరేననో చెప్పేవాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కు పెద్ద దిక్కు ఆయనే. నా మొదటి పేజీని ఆయన చీల్చి చెండాడాడు. వాక్యాలు పొడుగున్నాయి, మర్యాదలు ఎక్కువయ్యాయి, 'దయచేసి' అనే మాట ఎందుకిన్నిసార్లు? చివర్లో, "ఈ పేజీ చదివేవాడు అప్పుడే ఫైళ్ళు పోగొట్టుకుని కంగారులో ఉంటాడు. ముందు ఏం చెయ్యాలో చెప్పండి. ఎందుకో తర్వాత చెప్పొచ్చు" అని రాశాడు.

అది నాకు వెంటనే ఎక్కింది. కంగారులో ఉన్న మనిషికి ఎలా చెప్పాలో నాకు వేరే నేర్పనక్కర్లేదు. నాకే ఎవరైనా అలా చెబితే బాగుండునని రోజూ అనుకుంటున్నాను. రెండో పేజీకి ఆయన ఒక్క గీత కూడా పెట్టలేదు.

అలా ఏప్రిల్ అంతా రాశాను. ఇంట్లో రాశాను, రైల్లో ఒళ్ళో పెట్టుకుని రాశాను, ఎక్కువగా ఆసుపత్రి వరండాలో రాశాను. అక్కడ నా పక్కన కూర్చునే మనిషి సాల్మన్. మా పెనుకొండ మనిషే, బేల్దారి పని. గోడలు కట్టీ కట్టీ అరచేతులు సిమెంటు రంగుకు వచ్చేశాయి. ఆయన భార్య సుధారాణికి షుగర్ వల్ల ముందు చూపు పోయింది, తర్వాత కిడ్నీలు పోయాయి. అమ్మ మంచం పక్క మంచం ఆమెది. సాల్మన్ వారంలో సగం రోజులు పని మానుకుని ఆమెను తీసుకొస్తాడు. సగం రోజులు రాని మనిషిని ఏ మేస్త్రీ పిలుస్తాడు? పని పిలుపులు తగ్గిపోతున్నాయని ఒకటి రెండుసార్లు అన్నాడు. నా లాప్‌టాప్‌లోకి చూసి, "ఏంది పాపా, ఈ వరండాలో మాకంటే నీకే పనెక్కువుండాదే!" అని నవ్వేవాడు.

ఒకసారి తిరుగు రైల్లో నలుగురం ఎదురెదురుగా కూర్చున్నాం. అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"పాపా, ఆ నార్వే ఆయప్ప నీకి దుడ్లు ఎంతిస్తాడు?"

"ఏమీ ఇయ్యడమ్మా."

"మరేంటికి చేస్తాండావు?"

"నేను చేసిన పని అందరికీ కనపడతాది. కనపడితే ఎవురన్నా పిలిచి ఉద్యోగమిస్తారు."

అమ్మ, "ముయ్యి అన్నమాట" అంది.

ముయ్యి మా వైపు చేలల్లో ఉన్న పాత పద్ధతి. ఈరోజు మీరు మా చేనికి కలుపు తీయడానికి వస్తే, ఇంకోరోజు మేం మీ చేనికి వస్తాం. కూలి ఉండదు. కానీ ఎవరు ఎవరికి ఎన్నిరోజులు చేశారో రెండిళ్ళకూ గుర్తుంటుంది. బాకీ ఉన్న మనిషికి రావడానికి వీలు కాకపోతే ఇంట్లోంచి ఇంకొకర్ని పంపాలి. మాకు చేను ఉన్నన్నాళ్ళూ అమ్మ శెనక్కాయ పంటంతా ముయ్యి మీదే గట్టెక్కించింది. ఓపెన్ సోర్స్‌ను అంతకంటే బాగా నేను చెప్పలేను కాబట్టి ఔనన్నాను.

"మరి ఆయప్ప మన చేనికి ఎప్పుడొస్తాడు?"

సాల్మన్ పకపక నవ్వాడు. సుధారాణి కూడా నవ్వింది.

"రాడమ్మా. ఇది అట్ల కాదు."

"రానోనికి ముయ్యి ఎవురన్నా పోతారా? నువ్వు పిలిచినావా?"

"లేదు."

"పిలవకుంటే ఎట్లొస్తారు పాపా? మాకి ముయ్యుండాది, రాండి అని నోరు తెర్సి అడగల్ల" అని, కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. డయాలసిస్ అయిన రోజు ఆమెకు ఎక్కువ మాట్లాడే ఓపిక ఉండదు.

మే నెల వచ్చింది. నా పేజీలన్నీ ఒకచోట చేర్చి, పోర్ట్‌ఫోలియో అని పేరు పెట్టి, కనపడ్డ ప్రతి ఉద్యోగానికీ పంపాను. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళు మీ పని బాగుంది, ఆఫీసుకు రాగలరా అన్నారు. రాలేనంటే ఫోన్ పెట్టేశారు. దాచుకున్నది కరిగిపోతోంది. అమ్మ రోజురోజుకూ చిక్కిపోతోంది. ఉప్పు లేని అన్నం చూసి ముఖం తిప్పుకుంటే నేను కసిరేదాన్ని. కసిరాక బాత్రూంలోకి పోయి, కొళాయి తిప్పి ఏడ్చేదాన్ని. ఇంతకంటే సిగ్గులేని రోజులు నా జీవితంలో లేవు. రైలు పట్టాలు దాటేటప్పుడు రాకూడని ఆలోచనలు కూడా వచ్చాయి. అమ్మ చెయ్యి నా చేతిలో ఉండేది కాబట్టి దాటేసేదాన్ని.

అలాంటి ఒక పూట బ్యాక్‌షెల్ఫ్ వాళ్ళంతా మాట్లాడుకునే చోట, లోకమంతా చూసే చోట, అమ్మ చెప్పినట్టే నోరు తెరిచి అడిగేశాను. ఇంగ్లీషులో రాశాను గానీ ఆలోచించింది మా చేని భాషలోనే. "నేను మీ అందరి కోసం ఇన్ని పేజీలు రాశాను. మా అమ్మ డయాలసిస్ మీద ఉంది. నాకు ఇంటి నుంచి చేసుకునే పని కావాలి. నా పేజీలు ఎవరికి పనికొచ్చాయో వాళ్ళు ఇప్పుడు నా కోసం రావాలి. ఈసారి వంతు మీది."

మా వైపు ఎవరు చదివినా అందులో తప్పు పట్టరు. అక్కడ మాత్రం కలకలం రేగింది. ఇది ఉద్యోగాల సంత కాదని ఒకరు రాశారు. ఇక్కడ ఎవరూ ఎవరికీ బాకీ లేరు, ఇష్టమై చేసిన పనికి వంతులేమిటి అని ఇంకొకరు. అమ్మ జబ్బును అడ్డం పెట్టుకుంటోందని మరొకరు. ఆ చివరి మాట చదివాక లాప్‌టాప్ మూసి, మళ్ళీ తెరవడానికి భయపడ్డాను. హెన్రిక్ ఆ చర్చను ఆపేసి, నాకు విడిగా రాశాడు. తానూ ఇంకో ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన సమయంలో ఇది చూస్తున్నానని, ఇవ్వడానికి తన దగ్గర పని లేదని, క్షమించమని. పాపం, ఆయన తప్పేముంది?

శనివారం మిషన్ మీద పడుకుని అమ్మ అడిగింది. "వచ్చినారా?"

"ఎవురూ రాలేదమ్మా. తిట్టినారు."

"ఎవుర్ని పిలిచినావు?"

"అందర్నీ."

"అందర్నీ పిలిస్తే ఎవురొస్తారమ్మే? వీధిలో నిలబడి కేకేస్తే ముయ్యాళ్ళు వస్తారా? ఎవురికి చేసినావో వాండ్లింటికి పోయి పిలవల్ల."

కోపంతో వరండాలోకి వచ్చేశాను. కానీ కూర్చున్నాక అదే తలలో తిరిగింది. ఎవరికి చేశాను? లాప్‌టాప్ తెరిచి, ఆ గుట్టలో ప్రశ్నలు అడిగినవాళ్ళను చూసుకుంటూ పోయాను. నా పేజీ వచ్చాక సమస్య తీరిందని రాసినవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా రాశాను. మీరు ఫలానా ఇబ్బంది పడ్డారు, ఫలానా పేజీతో తీరింది, ఆ పేజీ రాసింది నేను, నాకిప్పుడు పని కావాలి. అంతకుమించి ఏడుపు లేదు.

ఒక్కరే జవాబిచ్చారు. బెంగళూరులో రమాదేవి అనే ఆవిడ, ఒక కంపెనీలో డాక్యుమెంటేషన్ జట్టుకు పెద్ద. నేరుగా ఫోన్ చేశారు. "మావాళ్ళ సర్వర్ పోయిన రోజు మీ పేజీ పెట్టుకుని కూర్చునే అన్నీ వెనక్కి తెచ్చుకున్నాం. రాసిన మనిషిని వెతకాలని అప్పుడనుకున్నాను, తర్వాత మరిచిపోయాను. మరిచిపోయినందుకు సిగ్గుగా ఉంది" అన్నారు. ఆవిడ ఒక పరీక్ష పెట్టారు. వరండాలోనే రాశాను. ఆవిడ పైవాళ్ళు ఫోన్లో మాట్లాడారు. స్ట్రెచర్లు కదిలే చప్పుడు మధ్య జవాబులు చెప్పాను. జూన్ మొదట్లో ఉద్యోగం ఇస్తున్నామని చెప్పారు. ఆ మాట విని వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. సాల్మన్ పరిగెత్తుకొచ్చి, "ఏమాయె పాపా, అమ్మకేమన్నా..." అన్నాడు. "లేదన్నా, ఉద్యోగమొచ్చింది" అంటే, తన కండువాతోనే నా ముఖం తుడిచాడు.

మరుసటి రోజు కంపెనీలో నియామకాలు చూసేవాళ్ళు ఫోన్ చేశారు. మొదటి ఏడాది ఆఫీసుకు రావాల్సిందే, సోమవారం నుంచి శుక్రవారం దాకా. ఆ తర్వాత చూద్దాం.

రమాదేవి గారికి ఫోన్ చేసి బతిమాలాను. "చాలా అడిగాను అశ్వినీ. నా చేతుల్లో లేదు" అన్నారు.

ఇల్లు కదలకుండా ఉండడానికి రాసిన పేజీలే నన్ను ఇంట్లోంచి లాగుతున్నాయి. రానని చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. అలా అనుకున్నాక మనసు తేలిక పడుతుందనుకున్నాను, పడలేదు. ఇంకో వేసవి ఇలాగే గడపడానికి నాలో ఏమీ మిగల్లేదు.

మంగళవారం మిషన్ తిరుగుతుండగా అమ్మ మంచం పక్కన నిలబడి చెప్పాను, ఉద్యోగం కుదరలేదని.

"కుదిరిందని సాల్మన్ చెప్పినాడే."

"బెంగళూరుకి పోవల్లంట. పోను."

"ఎప్పుడు చేరల్ల?"

"చేరనంటాండా కదమ్మా!"

"చేరల్ల" అంది అమ్మ, పక్క మంచం వైపు చూపిస్తూ. "మాట్లాడేసినా. మంగళారం, గురువారం సాల్మన్ మా ఇద్దర్నీ పిల్చుకొస్తాడు. శనివారం నువ్వొచ్చి ఇద్దర్నీ పిల్చుకొని రా. ఆ దినం ఆయప్ప పనికి పోతాడు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. సాల్మన్ గుమ్మం దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

"ఆయన రెండు దినాలు చేస్తే నేను ఒక దినమా? అది యాడ సరిపోతాదమ్మా?"

"మిగిలిన దినానికి నేనుండా కదా. సుధకి కండ్లు కనపడవు. బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, బాత్రూంకి పోయేటప్పుడు ఆడమనిషి చెయ్యి కావల్ల. నేను పట్టుకుంటా. ఆయప్ప ఒప్పుకున్న్యాడు."

"ఎప్పుడు మాట్లాడినావు ఇదంతా?"

"నువ్వు అందర్నీ పిలిచి తిట్లు తినొచ్చినావే, ఆ వారమే."

అప్పటికి ఈ ఉద్యోగం సంగతే లేదు. రమాదేవి ఎవరో మాకు తెలియదు. నేను ఈమె పక్కన ఉండడానికి వరండాలో కూర్చుని నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, ఈమె లోపల మంచం మీద పడుకుని నన్ను పంపేయడానికి మాట్లాడుకుందన్నమాట. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నన్నడిగేది లేదా? నేనెవురి కోసం చేస్తాండానీ పనంతా? నీకి నేను అడ్డమైపోయినానా?" అని గట్టిగానే అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది. నర్సు "మెల్లగా, మెల్లగా" అంది.

అమ్మ చెయ్యి ఎత్తలేదు, సూదులున్నాయి కదా. తల మాత్రం ఇటు తిప్పింది. "నేను పోయినంక ఆ ఇంట్లో ఆ లాప్‌టాప్ పెట్టె ముందర ఒక్కదానివే కూచోనుంటావు పాపా. అది తల్చుకుంటే నాకి నిద్ర పట్టదు. నువ్వు పోతే కూడా పట్టదు. ఆ నిద్ర లేకపాయినా ఫరవాలేదు" అంది.

పక్క మంచం మీద సుధారాణి మా గొంతులు వస్తున్న వైపు ముఖం తిప్పి, "అక్కని నేను చూసుకుంటా పాపా" అంది. చూడలేని మనిషి ఆ మాట అంటే ఎవరూ నవ్వలేదు.

నేను చేరాల్సింది జూన్ నెలలో ఒక బుధవారం. ముందురోజు మంగళవారం పొద్దున ధర్మవరం వైపు నుంచి వచ్చే ప్యాసింజరులోనే నలుగురం పెనుకొండలో ఎక్కాం. వాళ్ళు ముగ్గురూ హిందూపురం దాకా, నేను బెంగళూరు దాకా. ఒకే బండి, ఒకే పెట్టె. హిందూపురంలో నేనూ దిగి, అమ్మను మిషన్ ఎక్కించి, మధ్యాహ్నం బండికి పోతానన్నాను. అమ్మ వినలేదు. "ఈ పొద్దు నువ్వు దిగితే మల్ల ఎక్కవు" అంది. నిజమే చెప్పింది.

దారిలో చినుకులు పడ్డాయి. చేలల్లో అక్కడక్కడా దున్నుతున్నారు. అమ్మ సుధారాణికి కిటికీలోంచి కనపడేవన్నీ చెబుతూ వచ్చింది, ఎవరి చేనిలో వాన పడింది, ఎవరి చేనిలో పడలేదు అని. నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదా అని లోపల కుళ్ళుకున్నాను. మందుల సంగతి, ఉప్పు సంగతి, ఫోన్ చేసే వేళలు అన్నీ ముందురోజే పట్టీ రాసి సాల్మన్ జేబులో పెట్టాను. ఆయన దాన్ని తీసి చూసి, "బాగా అర్థమయ్యేట్ట రాసినావు పాపా" అన్నాడు.

హిందూపురం వచ్చింది. సాల్మన్ సంచులు తీసుకుని ముందు దిగాడు. నేను లేచి అమ్మ భుజం పట్టుకోబోతే, నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. తానే కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. దిగి వెనక్కి తిరిగి సుధారాణి చెయ్యి అందుకుంది.

"కాలు కిందికి పెట్టు సుధా. ఇంకొంచెం. ఆఁ, నేలుండాది. నేను పట్టుకోనుండా, భయపడద్దు."

బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని, జనం ఒరుసుకుంటూ పోతుంటే ఆగి ఆగి నడుస్తున్నారు. అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను తలుపు దగ్గర నిలబడి, కనుమరుగయ్యేదాకా చూసి, ఏడుస్తూనే వచ్చి సీట్లో కూర్చున్నాను.

ఎదురుగా పూలబుట్టతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అంతా చూస్తూనే ఉన్నట్టుంది.

"మీ అమ్మా?"

"ఔను."

"ఒంట్లో బాగలేదా? యాడికి పోతాండాది?"

"ఆస్పత్రికి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మరి నువ్వేంటికి దిగలేదు పాపా?" అంది.

బెంగళూరు ఇంకా చాలా దూరం ఉంది. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. ఎవరికైనా ఏదైనా అర్థమయ్యేట్టు చెప్పగలనని పేరు తెచ్చుకుని, దానికే జీతం తీసుకోవడానికి పోతున్నదాన్ని. నా నోట్లోంచి ఒక్క ముక్క కూడా రాలేదు.